తారు పడవ మీద తెల్ల రెక్కలు

"ఓయ్! లెగు! ఆ పడవకి ఆనుకోకు!"

ఆ అరుపు వినేసరికే ఆలస్యమైపోయింది. జాలరిపేట ఇసుకలో బోర్లించిన పాత పడవకి వీపు ఆనించి, దర్జాగా కాళ్ళు చాపుకుని, కెమెరాలో కొత్త రీలు ఎక్కిస్తున్నాను. లేవబోతే చొక్కా నాతో రాలేదు. పడవకి పూసిన తారు ఎండకి కరిగి చొక్కాని పట్టేసుకుంది.

"పొద్దున్నే తారేసింది మా అత్త. కళ్ళు కనపడవేటి నీకు?"

"కళ్ళు కనపడతాయండీ. వీపుకే కనపడదు."

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. నెత్తి మీది చేపల తట్ట కింద పెట్టి, నా కాలర్ పట్టుకుని ఒక్క లాగు లాగింది. చిరిగిన చప్పుడొచ్చింది. నేను వచ్చాను. వీపు మీది గుడ్డ పడవకే ఉండిపోయింది.

"కొత్త చొక్కా!" అన్నాను, ఏడుపు గొంతుతో.

"కొత్త తారు!" అంది ఆవిడ, నాకంటే గట్టిగా. "ఇప్పుడు దాని మీద నీ సొక్కా గుడ్డ. మా అత్తకేటి సెప్పాలి నాను?"

నాకు ధనశ్రీ పరిచయమైంది అలాగ. తొంభై తొమ్మిదో సంవత్సరం, దసరా వెళ్ళిన వారం. నా పేరు నాగవంశీ. మా నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగం కోసం భీమవరం వైపు నుంచి వచ్చి ఉక్కునగరం క్వార్టర్స్‌లో పడ్డారు. నేను గాజువాకలో ఒక స్టూడియోలో పెళ్ళిళ్ళూ పేరంటాలూ తీస్తాను. తీరిక దొరికితే బస్సెక్కి, పెళ్ళికూతుళ్ళు కానివాటిని ఫోటోలు తీయడానికి పోతాను. ఆ వారం జాలరిపేట ఒడ్డుకి తెల్ల సీతాకోకచిలుకలు గుంపులుగా వస్తున్నాయని ఎవరో చెప్పారు. అందుకే వచ్చాను.

ఆ మాటే ఆమెతో అన్నాను.

ఆమె ముఖంలో కోపం టక్కున ఆగిపోయింది. "ఆళ్ళనా? ఆళ్ళని ఫోటో తీత్తావా?"

"ఆళ్ళేంటండీ? సీతాకోకచిలుకలు."

ఆమె తల తిప్పి సముద్రం వైపు చూసింది. నేనూ చూశాను.

వస్తున్నాయి. తోటల్లోంచి కాదు, గట్టు మీది పొదల్లోంచి కాదు. నీళ్ళ మీంచి. గాలి నేల వైపు నుంచి సముద్రంలోకి తోస్తుంటే, ఆ గాలికెదురుగా, అలల మీద జానెడెత్తున, తెల్లగా, చప్పుడు లేకుండా వస్తున్నాయి. అప్పటిదాకా చేపల కోసం కొట్టుకు చస్తున్న కాకులు ఒక్కసారిగా లేచి ఎటో పోయాయి. ఒడ్డంతా నిశ్శబ్దమైపోయింది. అవి వచ్చి ఆ నల్ల పడవ మీద వాలి, రెక్కలు మూసుకుని, అన్నీ మళ్ళీ సముద్రం వైపే తిరిగి కూర్చున్నాయి.

నా ఒళ్ళు జలదరించింది. అయినా ఫోటోగ్రాఫర్ బుద్ధి పోదు కదా, టపటపా నొక్కాను.

అంతలో ఎదురింట్లోంచి ఒక పెద్దావిడ పళ్ళెంలో అన్నంతో వచ్చింది. కళ్ళ మీద తెల్లటి పొర. గుమ్మంలో నిలబడి, ఎవరో రోడ్డు చివర ఉన్నట్టు మామూలుగా పిలిచింది.

"దొరబాబూ! బువ్వ తిని ఎల్లరా!"

పడవ మీదవన్నీ ఒక్కసారిగా లేచాయి. గాల్లో ఒక చుట్టు తిరిగి మళ్ళీ వాలాయి.

"ఎవరండీ దొరబాబు?" గొంతు తగ్గించి అడిగాను.

"మా అత్త కొడుకు. నాకు బావ. మూడేళ్ళ కిందట తుఫానప్పుడు సేపల ఏటకెల్లాడు."

"పోయాడా?"

ధనశ్రీ నా వైపు సూటిగా చూసింది. "పోయాడని ఎవులూ సెప్పనేరు. రానేదు, అంతే."

తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను వీపు లేని చొక్కాతో బస్సెక్కాను. ఆ రోజు బస్సులో నా వెనక సీటు వాళ్ళు పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు.

*

ఫోటోలు కడిగించి వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళాను. చొక్కా సంగతి తేల్చుకోవాలి అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం వేరే ఉందని నాకూ తెలుసు.

"మళ్ళీ వొచ్చావేటి? ఇంకో సొక్కా ఉందా సింపడానికి?" అంది, వల బాగుచేస్తూ.

"ఇది పాతదే తొడుక్కొచ్చాను. మీ దయ."

ఈసారి పెదవి కొస కొంచెం కదిలింది. నాకది చాలు. సిగ్గుపడుతూనే ఫోటోలు తీసి చూపించాను. అన్నీ చెడిపోయాయి. పడవ మీద సీతాకోకచిలుకలు ఉండాల్సిన చోట ఉత్త తెల్ల మచ్చలు, కాగితాన్ని కత్తెరతో కత్తిరించినట్టు. రెక్క మీద గీత లేదు, అంచు లేదు.

"సరిగ్గా రాలేదండీ, అసలు..." అని మొదలెట్టాను.

ధనశ్రీ చేతిలో వల జారిపోయింది. ఆ పక్కనే కూర్చున్న పెద్దావిడ, ఆమె మేనత్త పాపాయమ్మ, చెయ్యి చాపి ఫోటో లాక్కుంది. పొర కమ్మిన కళ్ళకి ఆనించుకునేంత దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గీత నేదు," అంది నెమ్మదిగా. "గీత నేదే, అమ్మీ!"

ఆ తర్వాత ఆవిడ ఏడ్చిన ఏడుపు గట్టిది కాదు. నిద్రలో పిల్ల మూలిగినట్టుంది. ఆ ఫోటోని గుండెకి అదుముకుని లోపలికి వెళ్ళిపోయింది.

"ఏం జరిగిందండీ? నేనేం చేశాను?"

ధనశ్రీ నన్ను నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి చెప్పింది. అది వాళ్ళింట్లో తరాల నుంచీ ఉన్న నమ్మకం. సముద్రంలో పోయినవాడు తెల్ల సీతాకోకచిలుకై ఇంటికొస్తాడు. ఉత్త పురుగుకైతే రెక్కల మీద గీతలుంటాయి. మనిషైతే ఉండవు. ఎందుకంటే చచ్చినవాడికి నుదుటి గీత చెరిగిపోతుంది. ఆ జాడ దొరికేదాకా కర్మ చెయ్యరు, ఎదురుచూస్తారు. పాపాయమ్మ ఏటేటా ఆ పడవకి తారు పూసేది అందుకే, కొడుకొస్తే వేటకి సిద్ధంగా ఉండాలని.

"అత్తకి కళ్ళు ఆనవు. దగ్గరికెల్లి సూద్దారంటే ఆళ్ళు లేసిపోతారు. ఎవులం సూడగలం గీతలు? నీ మిసను సూసింది."

"మరి మీకేంటి..." అని ఆగాను.

"నాకేటా? నాకూ ఆడికీ సిన్నప్పుడే మాటైపోయింది. ఆడుంటే నాను ఆడిదాన్ని. పోతే కాను." కాళ్ళ మీదికొచ్చిన అలని చూస్తూ అడిగింది. "సెప్పు ఫోటో బాబూ. నీ మిసను నిజం సెప్తదా?"

అప్పుడు 'చెప్తుంది' అని ఒక్క మాట అనేసి ఉంటే నా పని సులువైపోయేది. ఆమె నా వైపు చూసిన చూపు చూశాక నాకు అబద్ధం నోటికి రాలేదు.

"చెప్పదండీ. నాదే తప్పు. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఒకటుంటుంది. దానికి రంగులు తెలీవు. ఎదురుగా ఉన్నది నల్లగా ఉంటే చీకటి పడిందనుకుని వెలుతురు ఎక్కువ లోపలికి పంపించేస్తుంది. అంత పడవ, అంత తారు, దాని మీద వేలెడు తెల్ల రెక్క. పడవ కోసం పంపిన వెలుతురుకి రెక్క మాడిపోయింది. గీతలుంటే గీతలూ మాడిపోయాయి."

"అంటే ఉండొచ్చు?"

"ఉండొచ్చు. లేకపోవచ్చు."

"అయితే మళ్ళీ తియ్యి. సరిగ్గా తియ్యి."

"గీతలొస్తే?"

"బావ ఉన్నట్టే. నాను కూకుని ఎదురుసూత్తాను."

"రాకపోతే?"

ధనశ్రీ వెనక్కి తిరిగి నడుస్తూ అంది. "రాకపోతే అప్పుడడుగు, ఇప్పుడడగాలనుకుంటన్నది."

ఇంటికెళ్ళాక కూడా అదే లెక్క వేసుకున్నాను. నా పనితనం సరిగ్గా ఉంటే ఈ పిల్ల నాకు దక్కదేమో. తప్పు తీస్తే దక్కుతుంది. ఇలాంటి గిరాకీ ఏ ఫోటోగ్రాఫర్‌కీ వచ్చి ఉండదు.

*

మళ్ళీ వెళ్ళిన సాయంత్రం సన్నగా జల్లు పడి ఆగింది. ధనశ్రీ పడవ పక్కనే నిలబడి ఉంది, జడ మీద వాన చుక్కలతో. వాటిని చూడకూడదని ఆకాశం చూశాను.

"పైనేటి సూత్తన్నావ్? వచ్చేది ఇటు నుంచి."

"వెలుతురు చూస్తున్నానండీ."

"ఆ అండీలు తగ్గించు. గోదారోళ్ళు అండీ అంటే మర్యాదో ఎటకారమో తెల్దు."

"సరే. అయితే నీ అరచెయ్యి ఇలా పెట్టు."

"ఏటి?"

"ఫోటో కోసం! పడవని కొలిస్తే మోసపోతాను. రెక్కల మీద పడే వెలుతురే నీ చేతి మీదా పడుతుంది. చేతిని కొలిచి, ఆ లెక్కతో రెక్కని తీస్తాను."

"నీ సెయ్యి నేదా?"

ఉంది. స్టూడియోలో రోజూ నా చెయ్యే వాడతాను. "నాది... కెమెరా పట్టుకుంది కదా."

"రెండూనా?"

"రెండూ."

ఈసారి నవ్వింది. పూర్తిగా, పళ్ళు కనిపించేలా. అరచెయ్యి చాపి పడవ మీద పెట్టింది. వ్యూఫైండర్ నిండా ఆమె చెయ్యి. ఉప్పుకి గరుకెక్కిన వేళ్ళు, వల తాడు కోసిన పాత గాటు. నేను కొలవడానికి పట్టాల్సిన దానికంటే చాలా ఎక్కువ సేపు కొలిచాను.

"అయిందా?"

"ఇంకొంచెం."

"సేపలకి బేరమాడినట్టు సూత్తన్నావు సెయ్యిని."

నేనేదో అనబోయాను. కాకుల అరుపులు ఆగిపోయాయి. నీళ్ళ మీంచి అవి వచ్చాయి. ధనశ్రీ చెయ్యి ఇంకా పడవ మీదే ఉంది. దాని చుట్టూ వాలాయి గానీ, దాని మీద ఒక్కటీ వాలలేదు. ఆమె ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుంది. నేను రీలు పూర్తయ్యేదాకా తీశాను; గీతలున్నాయో లేవో ఆ దూరానికి నా కంటికి ఆనలేదు.

"ఆళ్ళు నన్ను సూత్తన్నారా?" అంది, కళ్ళు తెరవకుండా.

"లేదు. సముద్రాన్నే చూస్తున్నాయి."

ఆ మాటకి ఆమె భయం తగ్గలేదు. నాదీ తగ్గలేదు.

*

ఈసారి ఫోటోల్లో కూడా గీతలు లేవు.

లాబ్ కవరు నేను విప్పకుండానే తీసుకెళ్ళాను, ధనశ్రీ ఎదురుగానే విప్పాలని. విప్పితే మళ్ళీ అవే తెల్ల మచ్చలు. ఇప్పుడు సాకు చెప్పడానికి తారు లేదు, మీటరు లేదు. పాపాయమ్మ ఈసారి ఏడవలేదు. "పైడయ్యా," అని తమ్ముణ్ణి, అంటే ధనశ్రీ నాన్నని, పిలిచింది. "ఆదివారం ఆడికి సెయ్యాల్సింది సేసేద్దాం. రెండు మార్లు కనపడ్డాడు. ఇంకేటి సూత్తాం."

పైడయ్య తల వంచుకుని సరేనన్నాడు.

ధనశ్రీ నన్ను గట్టు దాకా సాగనంపింది. ఏడుస్తోంది, చిన్నగా నవ్వుతోంది కూడా. ఆ రెండూ కలిపి చూస్తే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. "ఆదివారం కానీ. తర్వాత ఆ అడగాలనుకున్నది అడుగు," అని పరుగెత్తింది.

నేను సంతోషంతో ఎగరాలి. ఎగరలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ ఫోటోనే చూస్తున్నాను. ఏదో తప్పుంది. ఎక్కడో తెలీడం లేదు. కంచరపాలెం దాటాక తెలిసింది.

పడవ నల్లగా లేదు.

పాపాయమ్మ అంత తారు పూసిన పడవ, నా వీపు చొక్కా మింగిన పడవ, ఫోటోలో బూడిద రంగులో ఉంది. బస్సు దిగేసి, మళ్ళీ వెనక్కి బస్సెక్కి జగదాంబ దగ్గర లాబ్‌కి వెళ్ళాను. మిషన్ దగ్గర కామరాజు ఉన్నాడు, నాకు పాత పరిచయం.

"కామరాజు బావా, ఇవి నువ్వే వేశావా?"

"నానే. నీ రీలంతా నల్లగా ఏడిసింది, బావా. పిక్చర్ మరీ డార్క్ అయిపోతంటే కరెక్షన్ ఇచ్చి పైకి లాగాను. లేకపోతే నీ పరువు పోను. టీ ఇప్పించు."

నేను తగ్గించిన వెలుతురంతా ఈ మహానుభావుడు మళ్ళీ పోశాడు. నెగెటివ్ తీసి కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూశాను. ఉన్నాయి. ప్రతి రెక్క మీదా సన్నటి గీతలు, దారం పోగుల్లాగ.

"మళ్ళీ ఎయ్యాలా, కరెక్షన్ లేకుండా?" అన్నాడు కామరాజు.

ఈ నెగెటివ్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోతే చాలు. ఎవరికీ తెలీదు. ఆదివారం అయిపోతుంది. ధనశ్రీ నాది. మూడేళ్ళ కిందట తుఫానులో పోయినవాడు ఇంకెక్కడొస్తాడు? ఎవరికి నష్టం? ఇవన్నీ నాకు నేను చాలాసేపు చెప్పుకున్నాను. చెప్పుకుంటున్నకొద్దీ, ఎవరో మనిషి నీళ్ళలోంచి చెయ్యెత్తితే నేను ఒడ్డున నిలబడి దాన్ని తొక్కుతున్నట్టనిపించింది.

"వెయ్యి," అన్నాను. "నలుపు నలుపులాగే రానీ."

*

శనివారం సాయంత్రం ధనశ్రీ ఆ ఫోటో చూసింది. పడవ కాటుకలా నల్లగా ఉంది. దాని మీద ప్రతి రెక్కా ప్రతి గీతతో స్పష్టంగా ఉంది. నా జన్మలో నేను తీసిన మంచి ఫోటో అదే. చింపెయ్యాలనిపించింది.

"ఎందుకు తెచ్చావ్?" అంది.

"నువ్వు సరిగ్గా తియ్యమన్నావు."

"తేకపోతే నాకు తెలిసేదే కాదు కదా!"

"నాకు తెలిసేది."

చెంప మీద కొడుతుందేమో అన్నంత దగ్గరికొచ్చింది. కొట్టలేదు. కళ్ళు తుడుచుకుని, పడవ పక్కన కూర్చున్న పాపాయమ్మ దగ్గరికి నడిచింది. పైడయ్య వల మడతపెడుతున్నాడు. "అత్తా," అంది, గొంతు తడబడకుండా. "గీతలున్నాయి. అన్నిటికీ ఉన్నాయి. ముందరివి తప్పు ఫోటోలు."

పాపాయమ్మ ముఖమంతా విప్పారింది. "నాను సెప్పనేదా! ఆడున్నాడు!" అని, టక్కున ఆగి నా వైపు చెవి తిప్పింది. "బాబూ. నువ్వు ఈసురోమని నిలబడ్డావేం? ఊపిరి వినపడతంది."

"ఏం లేదమ్మా."

"దీన్ని అడగాలని కదా నువ్వొత్తన్నది? కళ్ళు పోయాయి గానీ నాకు సెవులున్నాయి."

పైడయ్య చేతిలో వల ఆగింది. నాకు దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు. "అవునమ్మా. ధనశ్రీ అంటే నాకు ప్రాణం."

"మరి ఈ ఫోటో దాచేత్తే రేపటితో అయిపోను కదా. దాచనేదేం?"

"దాస్తే మీ అబ్బాయిని నేనే చంపినట్టవుతుందమ్మా."

ఆవిడ తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. ఇంకో చేత్తో ధనశ్రీ చెయ్యి వెతికింది. "ఎదురుసూడ్డం తల్లి పని," అంది. "నా పని నాను సేసుకుంటాను. దీనికేటి పని? ఒరే పైడయ్యా, ఆ మాట నానే తప్పిత్తన్నాను. ఆడొచ్చి అడిగితే నాను సెప్పుకుంటాను. నీ పిల్లని ఈ అబ్బాయికియ్యి."

"నీ మాటేనే అప్పా," అన్నాడు పైడయ్య.

నేను ధనశ్రీని చూశాను. ఆమె నన్ను చూడలేదు. పాపాయమ్మ చేతినే చూస్తోంది.

కాకులు లేచిపోయాయని అప్పుడు గమనించాను. పడవ నిండా తెల్లగా వాలి ఉన్నాయి, అన్నీ సముద్రం వైపు తిరిగి. ఒక్కటి మాత్రం పాపాయమ్మ ముంజేతి మీద వాలి ఉంది. అది సముద్రాన్ని చూడ్డం లేదు. ఆవిడ ముఖంలోకి చూస్తోంది.

"సెయ్యి మీదేదో సల్లగా ఉంది," అంది పాపాయమ్మ. "పురుగేటి? గీతలున్నాయేమో సూడండి."

ఇద్దరం వంగాం. పడమటి ఎండ ఏటవాలుగా దాని మీదే పడుతోంది. నా అలవాటు కొద్దీ దాని పక్కన నా అరచెయ్యి పెట్టి చూశాను. నా చేతి గీతలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. ఆ రెక్క మీద ఏమీ లేదు. గీత లేదు, చుక్క లేదు, అంచున నలుపు లేదు. మధ్యలో కెమెరా లేదు, తారు లేదు, కామరాజు లేడు. నా రెండు కళ్ళే ఉన్నాయి.

ధనశ్రీ నా వైపు ఒక్కసారి చూసింది. "ఉన్నాయత్తా," అంది.

"బాబూ, నువ్వు సెప్పు. నువ్వబద్ధమాడవు."

"ఉన్నాయమ్మా," అన్నాను. "రెండు రెక్కల నిండా ఉన్నాయి."

పాపాయమ్మ నవ్వుకుంటూ చెయ్యి విదిల్చింది. అది లేచి ఆవిడ నుదుటి దగ్గర కాసేపు ఆగింది. తర్వాత నీళ్ళ మీదికి ఒక్కటే వెళ్ళిపోయింది. పడవ మీదవి కదల్లేదు.

ధనశ్రీ తన తండ్రి ఎదురుగానే నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు మంచులా ఉన్నాయి. "రండి, ఇద్దరికీ బువ్వెడతాను," అంటూ పాపాయమ్మ లోపలికి నడిచింది. ఆవిడ వెనకే వెళ్ళాం. ఆ రెక్క సంగతి మేమిద్దరం ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు, ఒకరితో ఒకరం కూడా.